వికలాంగుల హక్కులు, డిమాండ్లు, ఓటు: మళ్ళీ మళ్ళీ అడుగుతున్న ప్రశ్నలు

ఎన్నికలొచ్చినా, పెన్షన్ వెరిఫికేషన్ వచ్చినా, డిసెంబర్ 3, అంటే ప్రపంచ వికలాంగుల దినం వచ్చినా మాకు ఫోన్లు మొదలవుతాయి. అడిగేవాళ్ళు మారతారు గానీ అడిగేది మాత్రం దాదాపు అదే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాం. రెండు తెలుగు రాష్ట్రాలకీ కలిపి రాశాం, తేడా ఉన్నచోట చెప్పాం. మీకు ఏది కావాలో అది చదువుకోండి, వరసగా చదవక్కర్లేదు.

## ఇంకా ఏమీ మొదలుపెట్టని వాళ్ళకి

పెన్షన్ వస్తోంది కదా, ఇంక ఈ రాజకీయాలు మనకెందుకు?

ఆ పెన్షన్ వచ్చింది కూడా రాజకీయం వల్లే కదండీ. ఆంధ్రాలో 3,000 ఉన్నది 2024 జులై నుంచి 6,000 అయింది, మంచం మీదే ఉండేవాళ్ళకి 15,000 అయింది, అది ఎన్నికల హామీ. తెలంగాణలో 1,500 ఉన్నది 2019లో 3,016 అయింది, మళ్ళీ 2023లో అసెంబ్లీ ఎన్నికలు ఇంకొన్ని నెలలు ఉన్నాయనగా 4,016 అయింది. అంటే మన ఓట్లు వాళ్ళ లెక్కలో ఉన్నాయి. కాకపోతే పార్టీలకి పెన్షన్ పెంచడం సులువు, ఒక్క జీవోతో పనైపోతుంది, మర్నాడే ఫ్లెక్సీ కట్టుకోవచ్చు. అదే బడిలో స్పెషల్ టీచర్, ఎక్కగలిగే బస్సు, ఏళ్ళ తరబడి నింపని బ్యాక్‌లాగ్ పోస్టులు అంటే నాలుగైదు శాఖలు కదలాలి, అందుకని మనం గట్టిగా అడిగితే తప్ప వాళ్ళంతట వాళ్ళు ఆ మాట ఎత్తరు. మనం పెన్షన్ ఒక్కటే అడుగుతుంటే వాళ్ళు పెన్షన్ ఒక్కటే మాట్లాడతారు.

అసలు మనం ఎంతమందిమి ఉన్నాం?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2 కోట్ల 68 లక్షలు, అంటే జనాభాలో 2.21 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 22 లక్షల 66 వేలు. ఇది తక్కువ లెక్క అని మా అభిప్రాయం, ఎందుకంటే అప్పుడు ఎనిమిది రకాలుగానే రాసుకున్నారు, పైగా ఇంట్లో పెళ్ళి కావాల్సిన పిల్ల ఉంటే మానసిక వైకల్యం ఉన్న తమ్ముడి సంగతి లెక్కలవాళ్ళకి చెప్పని ఇళ్ళు ఎన్నో. 2001 లెక్కల్లో వైకల్యం గురించి అడగాలని ఢిల్లీలో వికలాంగుల హక్కుల నాయకుడు జావేద్ అబిదీ లాంటివాళ్ళు కొట్లాడితేనే ఆ ప్రశ్న చేర్చారు. ఇప్పుడు 2027 జనగణన వస్తోంది కాబట్టి మీ ఇంటికి వచ్చినవాళ్ళు ఆ ప్రశ్న అడిగారో లేదో చూడండి, అడక్కపోతే మీరే చెప్పి రాయించండి. బడ్జెట్ అడిగినప్పుడల్లా ప్రభుత్వం ముందు పెట్టేది ఈ అంకెనే.

మా పాపకి తలసీమియా, చూడ్డానికి బాగానే ఉంటుంది, మేమూ ఇందులోకి వస్తామా?

వస్తారు. 1995 చట్టంలో ఏడు రకాలే ఉండేవి, 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలున్నాయి. తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, ఆటిజం, యాసిడ్ దాడి బాధితులు, పార్కిన్సన్స్ అన్నీ ఉన్నాయి. అయితే రిజర్వేషన్లు, చాలా పథకాలు దొరకాలంటే కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. పాడేరు, ఆదిలాబాద్ వైపు సికిల్ సెల్ ఉన్న ఆదివాసీ కుటుంబాల్లో చాలామందికి ఇది వైకల్యం కింద వస్తుందనే తెలీదు, ఆ వైపు పనిచేసేవాళ్ళు ఉంటే దయచేసి చెప్పండి.

సదరం సర్టిఫికెట్ ఉంది, మళ్ళీ యూడీఐడీ కార్డు ఎందుకు?

సదరం మన ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన వైకల్య సర్టిఫికెట్ పద్ధతి, యూడీఐడీ దేశమంతా చెల్లే వికలాంగుల గుర్తింపు కార్డు. రైల్వే దగ్గర్నుంచి సెంట్రల్ ఉద్యోగాల దాకా ఇప్పుడు దాన్నే అడుగుతున్నారు. కార్డు మీద రంగు చూసి వైకల్యం పర్సంటేజీ తెలుస్తుంది: 40 కంటే తక్కువైతే తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆపైన నీలం. కేంద్రం వాళ్ళ స్వావలంబన్ పోర్టల్‌లో అప్లై చేసుకోవచ్చు. బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటున్న తెలుగువాళ్ళకి ఇది మరీ ముఖ్యం, అక్కడ సదరం అంటే ఎవరికీ అర్థం కాదు.

వెరిఫికేషన్‌లో పర్సంటేజీ తగ్గించేశారు, ఇక పెన్షన్ పోయినట్టేనా?

పోయినట్టు కాదు, అప్పీలు ఉంది. సర్టిఫికెట్ ఇచ్చిన అధికారి నిర్ణయం మీద అప్పీలు చేసుకునే హక్కు చట్టంలోనే ఉంది. 2025లో ఆంధ్రాలో పెద్ద ఎత్తున రీ-వెరిఫికేషన్ చేసి ఆగస్టులో నోటీసులు ఇచ్చారు, జనం రోడ్డెక్కారు, ఆ తర్వాత ప్రభుత్వం అప్పీలుకి అవకాశం ఇచ్చి నోటీసు అందుకున్నవాళ్ళకి సెప్టెంబర్ పెన్షన్ కూడా ఇస్తామంది. అంటే అడిగితే ఆగింది. దొంగ సర్టిఫికెట్లు లేవని మేము అనం, ఉన్నాయి, వాటివల్ల నష్టపోయేది ముందు మనమే. కానీ పుట్టుకతో కాలు లేని మనిషిని కూడా మళ్ళీ క్యాంపుకి రమ్మని లైన్లో నిలబెట్టడం వెరిఫికేషన్ అనిపించుకోదు. మీ పాత సదరం, ఆపరేషన్ కాగితాలు, కొత్త రిపోర్టు అన్నీ జిరాక్స్ తీసి పెట్టుకోండి, ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వకండి.

## డిమాండ్లు రాసుకునే దగ్గర

మానిఫెస్టోలో ఏం పెట్టమని అడగాలి? లిస్ట్ పంపగలరా?

లిస్ట్ పంపితే అందరూ అదే కాగితం మీద సంతకం పెట్టి ఇస్తారు, వాళ్ళు తీసుకుని పక్కన పడేస్తారు. మీ ఊరి సంగతి మీరే రాయండి. ఒక్కటే చెప్తాం, 'వికలాంగులను ఆదుకోవాలి' అని రాయొద్దు, ఆ మాటకి ఏ పార్టీ అయినా తల ఊపుతుంది. ఏ సెక్షన్ అమలు కావాలి, ఏ ఆఫీసర్ చేయాలి, ఎప్పటిలోపు అన్నది రాయండి. 2016 చట్టంలో చూస్తే, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ సెక్షన్ 34లో ఉంది, ఉన్నత చదువుల్లో 5 శాతం సెక్షన్ 32లో ఉంది, ఇళ్ళ స్థలాలు, పేదరిక నిర్మూలన పథకాల్లో 5 శాతం సెక్షన్ 37లో ఉంది. మన జిల్లాలో ఇళ్ళ పట్టాలు ఎన్ని ఇచ్చారు, అందులో మనవాళ్ళకి ఎన్ని అని అడిగితే చాలు, అవతలివాళ్ళు నీళ్ళు నములుతారు. హామీ కొత్తగా ఇవ్వక్కర్లేదు, ఉన్న చట్టం అమలు చేయండి అన్నప్పుడు డబ్బుల్లేవనే సాకు కూడా అంత తేలిగ్గా చెప్పలేరు.

పెన్షన్ ఎంత ఉండాలో చట్టంలో రాసి ఉందా?

అంకె లేదు. సెక్షన్ 24లో ఉన్నది ఏంటంటే, ఇతరులకి ఇచ్చే అలాంటి సాయం కంటే వికలాంగులకి కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలి అని. ఆంధ్రాలో వృద్ధులకి 4,000, మనకి 6,000. తెలంగాణలో వాళ్ళకి 2,016, మనకి 4,016. కాబట్టి ఈ సెక్షన్ పట్టుకుని వాదిస్తే రెండు చోట్లా నిలబడదు, కొంతమంది మీటింగుల్లో ఇది చెప్పి అభాసుపాలవుతున్నారు. గట్టిగా అడగాల్సింది కేంద్రాన్ని. ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పెన్షన్ కింద కేంద్రం ఇచ్చేది నెలకి 300 రూపాయలు, అదీ పేద కుటుంబమై 80 శాతం వైకల్యం ఉంటేనే. పైది మొత్తం రాష్ట్రం పెట్టుకోవాల్సిందే. ఎంపీ మీ ఊరొస్తే పెన్షన్ గురించి అడగాల్సింది ఈ 300 సంగతే, ఆయనేమో నాకు సంబంధం లేదు స్టేట్ సబ్జెక్ట్ అంటాడు.

మా ఎమ్మార్వో ఆఫీసుకి ర్యాంప్ కట్టారుగా, ఇంకేం అడుగుతాం?

ఆ ర్యాంప్ మీద మీరు ఒక్కరే వీల్‌చైర్‌తో ఎక్కగలరా లేదా అన్నది చూడండి ముందు. లెక్క చాలా సింపుల్, ఒక అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు ఉండాలి. మూడు మెట్లున్నాయి అనుకోండి, మెట్టు అర అడుగు, మొత్తం అడుగున్నర, అంటే ర్యాంప్ 18 అడుగులు రావాలి. మనదగ్గర చాలాచోట్ల కట్టేది ఆరడుగులు, మోటార్ సైకిల్ లోపలికి తోసుకోవడానికి బాగా పనికొస్తుంది. మాకు తెలిసిన ఒక ఆఫీసులో అయితే ర్యాంప్ నున్నటి టైల్స్‌తో వేసి, దాని కింది చివర జనరేటర్ పెట్టారు, పైన గేటుకి తాళం, తాళం చెవి ఎవరి దగ్గరుందో అటెండర్‌కే తెలీదు, కానీ రికార్డుల్లో మాత్రం ఆ బిల్డింగ్ యాక్సెసిబుల్. టేపు తీసుకెళ్ళి కొలవండి, ఫోటో తీయండి, రెయిలింగ్ ఉందా, బాత్‌రూమ్ తలుపులోంచి వీల్‌చైర్ పడుతుందా, కౌంటర్ ఎత్తు ఎంత, అన్నీ రాసుకోండి. 2017 జూన్‌లో రూల్స్ వచ్చాయి, ఉన్న ప్రభుత్వ బిల్డింగులన్నీ ఐదేళ్ళలో మార్చాలని చట్టం, అంటే 2022కే గడువు అయిపోయింది. 2024 నవంబర్‌లో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, ఈ ప్రమాణాలు ఇష్టముంటే పాటించే సలహాల్లా ఉండకూడదు, తప్పనిసరి చేయండి అని కేంద్రానికి చెప్పింది. ఆ కేసులో కోర్టుకి రిపోర్టు ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ యూనివర్సిటీ వికలాంగుల అధ్యయన కేంద్రమే.

వినపడని, మాటలు రాని వాళ్ళ సంగతి ఏ మీటింగులోనూ రాదేంటి?

నిజమే, ఇది మన సంఘాల తప్పే. నాయకత్వం మొత్తం కాళ్ళ సమస్య ఉన్న మగవాళ్ళ చేతుల్లో ఉంది, మైకు ఉన్నవాడిదే డిమాండ్ అయిపోయింది. సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్ లేకుండా మీటింగ్ పెట్టి వాళ్ళు రాలేదు అంటే ఎలా? పోలీస్ స్టేషన్లో, ఏరియా హాస్పిటల్లో ఇంటర్‌ప్రెటర్ కావాలన్నది వాళ్ళ మొదటి డిమాండ్, అది మన కాగితంలో ఏడో ఎనిమిదో నంబర్‌గా కూడా ఉండదు. ఆడవాళ్ళ సంగతీ అంతే.

మా అబ్బాయికి బుద్ధిమాంద్యం, మా తర్వాత వాడి గతి ఏంటి, ఇది ఎవర్ని అడగాలి?

తల్లిదండ్రులందరిదీ ఇదే భయం. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్న 18 దాటినవాళ్ళకి చట్టబద్ధమైన గార్డియన్‌ని పెట్టుకోవచ్చు, జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది, అప్లికేషన్ అక్కడ. నిరామయ అని లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా కూడా ఉంది. రాజకీయంగా అడగాల్సింది ఏంటంటే, జిల్లాకో మంచి రెసిడెన్షియల్ హోమ్, పగటిపూట చూసుకునే డే కేర్. గార్డియన్ కాగితం ఉన్నంత మాత్రాన అన్నం పెట్టే మనిషి దొరకడు కదా.

## ఆఫీసుల చుట్టూ తిరిగేటప్పుడు

అర్జీలు ఇచ్చి ఇచ్చి అలిసిపోయాం, అసలు ఎవరికివ్వాలి?

సోమవారం కలెక్టరేట్‌లో ఇవ్వండి, ఈ అర్జీల కార్యక్రమాన్ని తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రాలో పీజీఆర్ఎస్ అంటారు. కాపీ ఒకటి జిల్లా సంక్షేమ శాఖకి, ఆంధ్రాలో విభిన్న ప్రతిభావంతుల శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) గారు, తెలంగాణలో డీడబ్ల్యూవో (జిల్లా సంక్షేమ అధికారి) గారు. ఒక అర్జీలో ఒక్కటే విషయం రాయండి, పెన్షన్, రోడ్డు, ట్రైసైకిల్ మూడూ ఒక కాగితంలో రాస్తే మూడు శాఖలూ మాది కాదంటాయి. రసీదు నంబర్ లేకుండా బయటికి రావొద్దు, 'పెట్టి వెళ్ళండి చూస్తాం' అన్నా సరే నవ్వుతూ అక్కడే కూర్చోండి. సెక్షన్ 23 ప్రకారం ప్రతి ప్రభుత్వ ఆఫీసులో మన ఫిర్యాదుల కోసం ఒక అధికారిని పెట్టాలి, ఆయన పేరు అడగండి. చాలాచోట్ల ఆ పోస్టు ఉందని వాళ్ళకే మీరు చెప్పాల్సి వస్తుంది.

కమిషనర్‌కి కంప్లైంట్ పెడితే ఏమన్నా ఒరుగుతుందా?

ఒరుగుతుంది, కొంచెం ఓపిక కావాలి. రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి సాక్షుల్ని పిలిపించడం, రికార్డులు తెప్పించడం లాంటి విషయాల్లో సివిల్ కోర్టుకున్న అధికారాలు ఉన్నాయి. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, తెలుగులోనే రాయొచ్చు. కమిషనర్ సిఫార్సు చేస్తే ఆ శాఖ మూడు నెలల్లోపు ఏం చేశారో చెప్పాలి, చేయకపోతే ఎందుకు చేయలేదో చెప్పాలి. అది సిఫార్సే, తీర్పు కాదు, కానీ తర్వాత హైకోర్టుకి వెళ్ళాల్సి వస్తే ఆ కాగితం బాగా పనికొస్తుంది.

సంఘం రిజిస్టర్ చేయించుకోవాలా, లేకపోతే మాట వినరా?

వినరని కాదు, అర్జీ ఇవ్వడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. బ్యాంకు ఖాతా, విరాళాలు, సంఘం పేరు మీద కేసు కావాలంటే మాత్రం చేయించుకోండి, 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురుంటే సరిపోతుంది. పల్లెల్లో అయితే ఐదుగురితో వికలాంగుల పొదుపు సంఘం పెట్టుకోవచ్చు, మామూలు మహిళా సంఘానికి పదిమంది కావాలి, మనకి సడలింపు ఉంది. మా అనుభవంలో లెటర్‌హెడ్ కంటే ఊళ్ళోంచి 20 మంది కలిసి వెళ్ళడమే ఎక్కువ పనిచేస్తుంది.

ధర్నాకి రమ్మంటారు, ముందు వరసలో కూర్చోబెట్టి ఫోటోలు తీస్తారు, తర్వాత పట్టించుకోరు, వెళ్ళాలా?

ఎవరు పిలిచారు, ఏం అడుగుతున్నారు, వేదిక మీద మైకు మనవాళ్ళకి ఇస్తారా అని ముందే అడగండి. ఎమ్మార్పీఎస్ మంద కృష్ణ మాదిగ గారి ఆధ్వర్యంలో వికలాంగుల హక్కుల పోరాట సమితి (వీహెచ్‌పీఎస్) ఉంది, వికలాంగుల హక్కుల జాతీయ వేదిక ఉంది, ఇలా చాలా ఉన్నాయి, అందరూ ఒకేలా ఆలోచించరు, కొన్ని పార్టీలకి దగ్గరగా ఉంటాయి, అది తప్పేం కాదు. కానీ ఎండలో వీల్‌చైర్ల మీద మనం, షామియానా కింద వాళ్ళు అన్నట్టుంటే మాత్రం రెండోసారి వెళ్ళకండి. బాత్‌రూమ్ ఏర్పాటు లేని ధర్నాకి ఆడపిల్లల్ని అసలు తీసుకెళ్ళొద్దు.

## ఎన్నికల టైంలో

ఇంటి దగ్గరే ఓటు వేయొచ్చంట కదా, ఎలా?

అవును, 40 శాతం ఆపైన ఉన్నవాళ్ళు అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో ఇంటి నుంచే వేయొచ్చు. నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపు ఫారం 12డీ నింపి బీఎల్వోకి (బూత్ లెవెల్ ఆఫీసర్‌కి) ఇవ్వాలి, ఆ ఐదు రోజులు దాటితే అంతే సంగతులు. సిబ్బంది ఇంటికొచ్చి బ్యాలెట్ పేపర్ ఇస్తారు, వీడియో తీస్తారు గానీ మీరు ఎవరికేస్తున్నారో తీయకూడదు. ఒకసారి ఒప్పుకుంటే మళ్ళీ బూత్‌కి వెళ్ళి వేయడం కుదరదు. ఓటర్ లిస్టులో వికలాంగులని నమోదై ఉండటం మంచిది, లేకపోతే ఇప్పుడే ఫారం 8 పెట్టండి, ఎన్నికల కమిషన్ యాప్‌లో కూడా అవుతుంది. సర్పంచ్, మున్సిపల్ ఎన్నికలు పెట్టేది రాష్ట్ర ఎన్నికల సంఘం, అది వేరే వ్యవస్థ, కాబట్టి అక్కడా ఇదే ఉంటుందని కూర్చోకుండా ముందే కనుక్కోండి. ఒక మాట: నడవగలిగినవాళ్ళు, బండి దొరికినవాళ్ళు బూత్‌కే వెళ్ళండి. అందరం ఇంట్లోనే వేస్తే రేపు బూత్‌కి ర్యాంప్ ఎందుకు అంటారు.

నాకు చూపు లేదు, బూత్‌లో పార్టీ ఏజెంట్ నేను నొక్కుతా అంటాడు, ఒప్పుకోవాలా?

ఒప్పుకోవద్దు. ఈవీఎం మీద బటన్ల పక్కన బ్రెయిలీ అంకెలుంటాయి, బ్రెయిలీలో అభ్యర్థుల లిస్టు అడగండి, చదవడం వస్తే మీరే వేయండి. లేదంటే మీకు నమ్మకమున్న 18 దాటిన మనిషిని వెంట తీసుకెళ్ళొచ్చు, ఆయన ఓటు రహస్యంగా ఉంచుతానని రాసిచ్చి సంతకం పెట్టాలి. ఆ రోజు ఒక మనిషి ఒక్కరికే తోడు వెళ్ళాలి, ఊళ్ళో పదిమంది చూపులేనివాళ్ళకి ఒకే కుర్రాడు తోడు వెళ్తుంటే అది రూల్స్‌కి విరుద్ధం, ప్రిసైడింగ్ ఆఫీసర్‌కి చెప్పండి. పోలింగ్ సిబ్బంది తోడు రాకూడదు.

మానసిక జబ్బుకి మందులు వాడుతున్నాడు, ఓటు తీసేస్తారా?

తీయకూడదు. మతిస్థిమితం లేదని కోర్టు ప్రకటిస్తే తప్ప ఓటు పోదు. డాక్టర్ చీటీ చూసి, లేదా పక్కింటివాళ్ళు చెప్పారని బీఎల్వో పేరు కొట్టేయడానికి వీల్లేదు. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళకీ ఇంతే.

లీడర్లు మైకులో గుడ్డి ప్రభుత్వం, అవిటి పార్టీ అంటుంటారు, ఏం చేయలేమా?

2023 డిసెంబర్‌లో ఎన్నికల కమిషన్ పార్టీలకి మార్గదర్శకాలు ఇచ్చింది, ప్రచారంలో ఇలాంటి మాటలు వాడొద్దని. వీడియో క్లిప్ పెట్టి రిటర్నింగ్ ఆఫీసర్‌కి రాయండి. అదే పదిమందిలో మిమ్మల్ని ఉద్దేశించి, కావాలని అవమానిస్తే 2016 చట్టం సెక్షన్ 92 కింద కేసు అవుతుంది, ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా శిక్ష ఉంది. స్టేషన్లో ఆ సెక్షన్ తెలీదంటే ప్రింట్ తీసి చేతికివ్వండి.

మనవాళ్ళు పోటీ చేయొచ్చా? మనకి సీట్లు రిజర్వ్ చేయరా?

పోటీ చేయొచ్చు, అడ్డేమీ లేదు. రిజర్వేషన్ మాత్రం అసెంబ్లీలో, పార్లమెంటులో లేదు, డిపాజిట్‌లో రాయితీ కూడా లేదు. మహబూబ్‌నగర్ జిల్లా జైపాల్ రెడ్డి గారు పోలియోతో చేతికర్రల మీద నడుస్తూనే కల్వకుర్తి ఎమ్మెల్యేగా, కేంద్రమంత్రిగా చేశారు, 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ అయ్యారు. అయితే ఆయన తన మాట బలంతో ఎదిగిన నాయకుడు, మన కోటాలో వచ్చినాయన కాదు, అలాంటివాళ్ళు తరానికి ఒకరు వస్తారేమో. అందుకే స్థానిక సంస్థల్లో ప్రాతినిధ్యం అడగడం తెలివైన పని. తమిళనాడు 2025 ఏప్రిల్‌లో పంచాయతీలు, మున్సిపాలిటీల్లో వికలాంగుల్ని నామినేట్ చేసేలా బిల్లులు పాస్ చేసింది. పక్క రాష్ట్రంలో అయింది మనదగ్గర ఎందుకు కాదని ప్రతి ఎమ్మెల్యేనీ అడగండి. నామినేట్ అయ్యేవాళ్ళు సర్పంచ్ బామ్మర్దులు కాకుండా చూసుకోవడం మళ్ళీ ఇంకో పోరాటం అనుకోండి.

## ఓట్లు అయిపోయాక

హామీ ఇచ్చి మర్చిపోయారు, ఇప్పుడేం చేయగలం?

మానిఫెస్టో మీద కోర్టులో కేసు నిలబడదు, రోడ్డు మీదా, అసెంబ్లీలోనూ అడగాలి. తెలంగాణలో 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ 6,000 అంది, ఆ అంకె కోసమే 2025లో వీహెచ్‌పీఎస్ జిల్లాలు తిరిగి సభలు పెట్టింది. మీరు చేయగలిగింది బడ్జెట్‌కి ముందు కదలడం, బడ్జెట్ అయ్యాక అరిచి లాభం తక్కువ. డిసెంబర్, జనవరి నెలల్లోనే ఎమ్మెల్యేని కలిసి అసెంబ్లీలో ప్రశ్న వేయించండి, ప్రతిపక్ష ఎమ్మెల్యే అయితే ఇంకా ఉత్సాహంగా వేస్తాడు. దానికి సరుకు కావాలి కాబట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, జిల్లా ఆఫీసులో ఫీజు 10 రూపాయలు, పేద కుటుంబాలకి అదీ లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. 'మా జిల్లాలో వికలాంగుల కోటా పోస్టులు ఎన్ని, ఎన్ని ఖాళీ, ఎప్పటి నుంచి' అని మూడు ముక్కల్లో అడగండి, ఎందుకు నింపలేదు అని మాత్రం అడక్కండి, ఎందుకు అన్నదానికి వాళ్ళు జవాబివ్వరు.

కోర్టుకి వెళ్తే నిజంగా పనవుతుందా? ఖర్చు?

కొన్నిసార్లు కోర్టుకెళ్తేనే అవుతుంది. మచిలీపట్నం దగ్గర పల్లెటూరి కుర్రాడు శ్రీకాంత్ బొల్లాకి చూపు లేదని ఇంటర్లో సైన్స్ సీటు ఇవ్వం అన్నారు, కేసు వేసి గెలిచి ఎంపీసీ చదివి అమెరికాలో ఎంఐటీకి వెళ్ళాడు, ఆ తర్వాత వచ్చిన పిల్లలకి అది దారి అయింది. 2021లో వికాశ్ కుమార్ కేసులో, 40 శాతం లేకపోయినా చేతితో రాయలేనివాళ్ళకి పరీక్షలో స్క్రైబ్‌ని, అంటే వాళ్ళు చెప్తే రాసిపెట్టే మనిషిని, ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఖర్చు గురించి భయపడకండి, వికలాంగులకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయర్‌ని పొందే హక్కు 1987 లీగల్ సర్వీసెస్ చట్టంలో ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోనే లీగల్ సర్వీసెస్ అథారిటీ ఆఫీసు ఉంటుంది, 15100 కి ఫోన్ చేసినా చెప్తారు. వెళ్ళేటప్పుడు యూడీఐడీ కార్డు, మీరిచ్చిన అర్జీల రసీదులు, వాటికి వచ్చిన జవాబులు తారీఖుల వరసలో పెట్టి తీసుకెళ్ళండి. ఆఫీసు మేడ మీద ఉంటే కింద నుంచే ఫోన్ చేసి వాళ్ళనే దిగి రమ్మనండి.